తెరకి వీపు పెట్టి కూర్చున్న ఆచారి గారు

శేషగిరి కడుపులో ఒక అరగంట ఏళ్ళ తరబడి అరగకుండా ఉండిపోయింది.

అరగంటంటే సినిమా. 'నిప్పుల వంతెన - రెండో భాగం' లోంచి ఎడిటింగు బల్ల మీద కోసి పక్కన పడేసిన అరగంట. మొదటి భాగం ఊరూరా శతదినోత్సవాలు చేసుకుంది. రెండో భాగమూ ఆడింది. ఎవరికీ నష్టం రాలేదు. కానీ జనం దాన్ని గుర్తుపెట్టుకోలేదు.

ఎందుకు గుర్తుపెట్టుకోలేదని ఎవరడిగినా శేషగిరి జవాబు ఒకటే.

"మీరు చూసింది నా సినిమా కాదండీ. మా గురువుగారు మిగిల్చింది."

గురువుగారంటే ఎడిటర్ వీరభద్రాచారి గారు. శేషగిరి ఆయన దగ్గరే ఫిల్ము ముక్కలు అతికించడం నేర్చుకుని, ఆయనింట్లో అన్నం తిని, తర్వాత డైరెక్టరయ్యాడు. తన సినిమాలన్నీ ఆయన చేతే కోయించుకున్నాడు. ఈ రెండో భాగం దాకా.

ప్రివ్యూ నాడు అందరం తెర వైపు తిరిగి కూర్చున్నాం. ఆచారి గారు మాత్రం ముందు వరసకి పోయి, కుర్చీ వెనక్కి తిప్పి, తెరకి వీపు పెట్టి కూర్చున్నారు. సినిమా అయిపోయేదాకా అలాగే ఉన్నారు. మర్నాడు సాయంత్రానికి అరగంట లేదు.

"నా బొమ్మ వైపు కన్నెత్తైనా చూడకుండా కోసేశాడు" అని అలిగి వెళ్ళిపోయిన శేషగిరి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? నేను లేకపోతే ఆ సినిమాయే లేదు కనక.

నా పేరు గున్నేశ్వరరావు. ఆ రోజుల్లో హీరో పులితో కలబడ్డాడంటే, ఆ పులి చూసింది నా మొహం. చూసి పక్కకి తప్పుకుంది. ఇప్పటికీ కోడంబాకంలో పాతవాళ్ళనెవర్నైనా అడగండి, మిగిలి ఉంటే చెబుతారు. ఈ సినిమాలో పరుగెడుతున్న గూడ్సు బండి మీంచి గోదాట్లోకి దూకింది నేనే. వంతెన తాటిచెట్టంత ఎత్తు. నేను పడ్డ దెబ్బకి గోదావరి ఒక్క క్షణం ఆగి, ఏం జరిగిందో చూసుకుని, మళ్ళీ కదిలింది. కొవ్వూరు రేవులో స్నానం చేస్తున్నవాళ్ళ చెంబులు ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయాయి.

ఆ దూకుడు కూడా ఆ అరగంటలోనే పోయింది. తెర మీద హీరో వాగను పైన పరుగెడతాడు. తర్వాతి బొమ్మలో తడిబట్టలతో ఒడ్డెక్కుతాడు. మధ్యలో నేను లేను. అప్పట్నించీ నాది చెప్పుకోవడమే, చూపించుకోవడానికి ఏమీ లేదు. నా మనవలే నమ్మరు. "తాతా, ఎంతెత్తు అన్నావ్?" అని మళ్ళీ మళ్ళీ అడిగి నవ్వుతారు.

ఇలా ఉండగా, పాత సినిమాలు డిస్కుల మీద వేసే కంపెనీ ఒకటి శేషగిరిని వెతుక్కుంటూ వచ్చింది. మొదటి భాగం డిస్కు బాగా పోయిందట. రెండో భాగాన్ని 'డైరెక్టర్స్ కట్' అని కొత్తగా వేస్తామన్నారు. అట్ట కూడా ముందే అచ్చేయించారు. హీరో మొహం, వెనక మంటల్లో వంతెన, కింద అరచేతంత అక్షరాలు: మీరెన్నడూ చూడని అరగంట!

శేషగిరి ఆ అట్ట తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

"మాస్టారూ, ఇదే ఆఖరి అవకాశం. నేనేం తీశానో ఈసారి జనం చూస్తారు. మీ దూకుడు కూడా."

"పదండి డైరెక్టరుగారూ" అన్నాను. చొక్కా వేసుకోవడం కూడా దారిలోనే.

దారి సాలిగ్రామానికి. ఎందుకంటే ఆ అరగంట ఆచారి గారింట్లోనే ఉంది. కోసిన ముక్కల్ని తక్కినవాళ్ళు పారేస్తారు. ఆయన పారెయ్యరు. రేకు డబ్బాల్లో చుట్టి, పైన సినిమా పేరు రాసి, అటక మీద పెట్టుకుంటారు.

తలుపు ఆయనే తీశారు. బాగా సన్నబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"శేషూ" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వింకా బతికే ఉన్నావురా గున్నేసూ?"

"యముడొచ్చాడండీ. రెండు గుద్దులకే వెళ్ళిపోయాడు."

ఆచారి గారి భార్య రుక్మాంబ గారు లోపల్నించి తొంగిచూశారు. "ఇన్నాళ్ళకి తోవ తెలిసిందా నాయనా?" అని శేషగిరిని అడిగి, జవాబు కోసం ఆగకుండా మంచినీళ్ళకి వెళ్ళారు.

శేషగిరి కూర్చోలేదు.

"నా ముక్కలు నాకు కావాలి గురువుగారూ. మళ్ళీ కలుపుకుంటాను."

ఎంత పోట్లాటకైనా సిద్ధపడి వచ్చాడతను. నేనూ చేతులు మడుచుకునే ఉన్నాను. ఆచారి గారు నిచ్చెన వైపు చూపించారు.

"ఎక్కి దించుకో."

"అంతేనా?"

"కలిపాక ఒకసారి ఇక్కడికి తెచ్చి చూపించు."

"మీరు చూస్తారా?" శేషగిరి గొంతు కొంచెం పైకి లేచింది. "ఈసారైనా చూస్తారా?"

"చూస్తాను."

డబ్బాలు దించింది నేను. అటక మీద ఒక్కో డబ్బా ఒక్కో ఏనుగు బరువు. ఒంటిచేత్తో దించాను. రెండో చేత్తో శేషగిరిని పట్టుకున్నాను, నిచ్చెన మీంచి పడబోతే. రుక్మాంబ గారు కింద నిచ్చెన పట్టుకున్న మాట కూడా నిజమే.

ఆ ముక్కలన్నీ ల్యాబులో కడిగించి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఏది ఎక్కడ పోయిందో వెతికి వెతికి అక్కడ పెట్టాడు శేషగిరి. తిండి లేదు, నిద్ర లేదు. ఒక్క ముక్క వదల్లేదు. "డబ్బాల్లో ఉన్నదంతా లోపలికి రావలసిందే" అని పంతం. అంతా అయ్యాక కంప్యూటరు మోసుకుని మళ్ళీ సాలిగ్రామం వెళ్ళాం.

ముందు గదిలో టీవీకి తగిలించాం. టీవీకి ఎదురుగా మూడు కుర్చీలు వేశాను. శేషగిరి మధ్యలో కూర్చున్నాడు.

ఆచారి గారు తన కుర్చీ ఎత్తి, టీవీ పక్కకి తీసికెళ్ళి, మా వైపు తిప్పి వేసుకున్నారు. టీవీకి వీపు పెట్టి కూర్చున్నారు.

శేషగిరి లేచి నిలబడ్డాడు.

"మళ్ళీనా! చూస్తానన్నారుగా?"

"నువ్వు చూడు. నేనూ చూస్తాను."

"దేన్ని చూస్తారు?"

"కూర్చో శేషూ. ఆ కీబోర్డు ఇలా ఇయ్యి."

ఇవ్వక తప్పలేదు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకున్నారు. అందులో ఒక మీట నొక్కితే, కంప్యూటర్లో సినిమా పొడవునా సాగే గీత మీద ఆ చోట ఒక ఎర్ర చుక్క పడుతుందట. పాత రోజుల్లో ఎర్ర పెన్సిలుతో ఫిల్ము మీద పెట్టే గుర్తు లాంటిదే. ఆ వయసులో ఇదెప్పుడు నేర్చుకున్నారో నాకు తెలీదు. కంప్యూటరుని భయపెట్టి ఉంటారు.

సినిమా మొదలైంది.

చెప్పకూడదు గాని, బాగానే ఉంది. మొదట్లో శేషగిరి భుజాలు బిగబట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి కొత్తగా కలిపిన మొదటి ముక్క వచ్చింది. వంతెన మీద ఆకాశం, మబ్బులు, కింద బొమ్మలా చిన్నగా హీరో.

"ఇక్కడ చూడండి గురువుగారూ" అన్నాడు శేషగిరి. "ఆ మబ్బు సరిగ్గా వంతెన మీదికి రావడానికి యూనిట్టంతా ఎండలో..."

టక్.

ఆచారి గారి వేలు కదిలింది. దోమేమో అనుకున్నాను.

మళ్ళీ పాత సినిమా. విలను మనుషులు లాంచీలో వస్తున్నారు. శేషగిరి ముందుకి వంగాడు. తను తీసిందేనన్న సంగతి కూడా మర్చిపోయి చూస్తున్నాడు.

ఇంతలో ఇంకో ముక్క. అద్దాలు పగిలే దెబ్బలాట, నెమ్మదిగా, గాజుపెంకులు గాల్లో తేలుతూ.

"ఈ కెమెరా అప్పటికి మద్రాసులో ఇంకెవరి దగ్గరా లేదు. బొంబాయి నించి నేనే..."

టక్.

ఇలాగే సాగింది. లాంచీ పేలిన చోట శేషగిరి నోరు తెరిచాడు. టక్. విలను పెద్ద ఉపన్యాసం దగ్గర "ఈ డైలాగు నేనే రాశాను, పేరు వేసుకోలేదు" అన్నాడు. టక్.

ఆచారి గారు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. కళ్ళజోడులోంచి మమ్మల్నే చూస్తున్నారు. మొహం మీద కోపం లేదు, నవ్వు లేదు.

అప్పుడొచ్చింది నా దూకుడు.

బాబూ, ఏం చెప్పమంటారు! గూడ్సు బండి దడదడలాడుతోంది. వాగను అంచు మీద నేను. కింద గోదారి. నా కాళ్ళు లేచాయి. నా చేతులు గరుత్మంతుడి రెక్కల్లా విచ్చుకున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత నన్ను నేను చూసుకున్నాను.

కుర్చీలోంచి ఎగిరి లేచాను.

"అదుగో! అది నేను! రుక్మాంబ గారూ, పరుగెత్తుకు రండి, అది నేను! హీరో కాదు! రెండు తాటిచెట్ల ఎత్తు! తాడు లేదు, వల లేదు! నేను పడ్డప్పుడు గోదావరి..."

టక్.

"ఏవిటండీ ఆ టకటక?" అన్నాను కొంచెం విసుగ్గా.

"కూర్చోరా" అన్నారు ఆచారి గారు.

కూర్చున్నాను. నీళ్ళలో నా తల పైకి తేలడం కూడా సరిగ్గా చూడలేకపోయాను.

రుక్మాంబ గారు నా కేకకి భయపడి, చేతిలో మజ్జిగ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

తెర మీద దూకుడు అయిపోయింది. హీరో ఒడ్డెక్కి, తడిబట్టలతో నడిచి నడిచి, రైల్వే గేటు పక్క గుడిసె ముందు కూలబడ్డాడు. ముసలి గేటుమాను లోపలికెళ్ళి తన ఖాకీ చొక్కా ఒకటి తెచ్చిచ్చాడు. హీరో తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోబోయాడు.

తర్వాత తెర నిండా చేతులు.

ఆ చేతులు వణుకుతున్నాయి. గుండీ కాజా దాకా వెళ్ళి జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటున్నాయి. మళ్ళీ జారిపోతోంది. గేటుమాను కాసేపు చూశాడు. చేతిలో పచ్చజెండా చంకలో పెట్టుకుని, వంగి, ఒక్కొక్క గుండీ తనే పెట్టాడు. పై గుండీ దాకా. పిల్లాణ్ణి బడికి పంపేముందు పెట్టినట్టు.

మాటల్లేవు. దూరంగా ఎక్కడో బండి కూత. అంతే.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. శేషగిరి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. రుక్మాంబ గారు మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, ఇవ్వడం మర్చిపోయి, గుమ్మాన్ని ఆనుకుని నిలబడ్డారు. నేను కూడా, నమ్మండి, నోరెత్తలేదు.

మీట చప్పుడు వినపడలేదు.

సినిమా అయిపోయింది. శేషగిరి గబగబా కంప్యూటరు దగ్గరికెళ్ళాడు. గీత పొడవునా ఎర్ర చుక్కలు, ఆటలమ్మ పోసినట్టు.

"ఇవేమిటి?"

ఆచారి గారు మజ్జిగ తాగుతున్నారు.

"మీరసలు బొమ్మే చూడలేదు గురువుగారూ! చూడకుండా ఎలా పెట్టారు గుర్తులు?"

"మొదటి గుర్తు దగ్గరికి వెళ్ళు."

వెళ్ళాడు. వంతెన, ఆకాశం, మబ్బు.

"ఇదా! ఇది తీసేయమంటారా? ఆ మబ్బు కోసం యూనిట్టంతా..."

ఆగిపోయాడు. ఇందాక టక్ మన్నప్పుడు కూడా సరిగ్గా ఈ మాటే అంటున్నాడు.

ఆచారి గారు గ్లాసు కింద పెట్టారు.

శేషగిరి రెండో గుర్తు దగ్గరికి వెళ్ళాడు. గాజుపెంకులు తేలుతున్నాయి. మూడో దాని దగ్గరికి, తర్వాతి దాని దగ్గరికి వెళ్ళాడు. ఒక్కో చోట పెదవులు కదిలేవి, మాట బయటికి రాకుండా ఆగేది. నా దూకుడు దగ్గరికొచ్చి ఒకసారి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

గుడిసె దాకా వచ్చి అడిగాడు.

"గుడిసె దగ్గర గుర్తు లేదేం? ఇది కూడా మీరు కోసిందేగా?"

ఆచారి గారు నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనేనని అర్థమైంది.

"ఆయన కొయ్యలేదు డైరెక్టరుగారూ" అన్నాను. "ప్రివ్యూకి ముందే మీరే తీయించారు. హీరో చెయ్యి వణికితే జనం తెర మీదికి చెప్పులు విసురుతారన్నారు. ఈయన వద్దన్నారు. మీరు వినలేదు. నేను అక్కడే ఉన్నాను."

"నేనా?"

"మీరే."

శేషగిరి ఆ బొమ్మని వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. తెర నిండా చేతులు. దగ్గరికి జరిగి చూశాడు. ఎడమ చేతి బొటనవేలి మీద అడ్డంగా పాత గాటు. అతని చూపు అక్కణ్ణించి నెమ్మదిగా నా ఒళ్ళోకి వచ్చింది. నేను బొటనవేలు గుప్పిట్లో దాచాను. ఆలస్యమైపోయింది.

"మాస్టారూ, హీరో అప్పటికే హోటలుకి వెళ్ళిపోయాడు కదూ. ఈ చేతులు..."

"ఆ రోజు చలి" అన్నాను.

"మే నెల మాస్టారూ."

"గోదావరి మీద గాలి నీకేం తెలుసయ్యా?"

రుక్మాంబ గారు నాకింకో గ్లాసు మజ్జిగ పోశారు.

శేషగిరి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గురువుగారి ఒళ్ళోంచి కీబోర్డు అడిగి తీసుకుని, బల్ల మీద పెట్టుకుని పనిలో దిగాడు. మబ్బు పోయింది. గాజుపెంకులు పోయాయి. లాంచీ పేలుడు, ఉపన్యాసం, ఒక్కొక్కటే పోయాయి. చెయ్యి ఎక్కడా ఆగలేదు. నా దూకుడు దగ్గర ఆగింది.

"మాస్టారూ..."

"కొయ్యవయ్యా" అన్నాను. "నేనెప్పుడైనా దెబ్బకి వెనకాడానా?"

కోశాడు. హీరో వాగను మీద పరుగెడుతున్నాడు. తర్వాతి బొమ్మలో తడిబట్టలతో ఒడ్డెక్కుతున్నాడు. మధ్యలో మళ్ళీ నేను లేను. కానీ ఆ తర్వాత గుడిసె వచ్చింది, చేతులొచ్చాయి. ఆ చేతుల్ని చూస్తే ఎవడో ఎక్కణ్ణించో దూకాడని పసిపిల్లాడికైనా తెలుస్తుంది.

మధ్యాహ్నం డిస్కుల కంపెనీ నించి ఫోనొచ్చింది. మేనేజరు పరమేశం. ఆయన గొంతు గదంతా వినపడేది.

"సార్, రెడీయేనా? అరగంట వచ్చేసిందా?"

"వచ్చింది. మళ్ళీ తీసేశాను."

"తీసేశారా! మరి కొత్తగా ఏముంది సార్?"

"ఒక చొక్కాకి గుండీలు పెట్టే సీనుంది."



"సార్, అట్ట మీద 'అరగంట' అని అచ్చేశాం సార్. అట్టలు గోడౌన్లో ఉన్నాయి."

"అట్ట మార్చండి."

"గుండీల కోసం ఎవరు కొంటారు సార్? ఆ ముక్కలన్నీ పెట్టండి, లేకపోతే మా వాళ్ళు వద్దంటారు. పాత సినిమాయే పాత పేరుతో వేసుకుంటారు."

శేషగిరి ఒకసారి టీవీ వైపు చూశాడు. బొమ్మ ఆ చేతుల దగ్గరే ఆగి ఉంది.

"మీ వాళ్ళని ఆలోచించుకోమనండి పరమేశం గారూ. ఒప్పుకుంటే ఇదే వెయ్యాలి. లేదంటే నా పేరు లేకుండా వేసుకోండి. నేను తీసిన సినిమా ఇది. ఇందులో నేను మార్చేదేమీ లేదు."

ఫోను పెట్టేశాడు. చెయ్యి వణకలేదు. నేను గమనించాను, వణుకు సంగతి నాకు తెలుసు కనక.

ఆచారి గారు లేచి వెళ్ళి, ఖాళీ అయిన రేకు డబ్బా ఒకటి తెచ్చి, బల్ల పక్కన శేషగిరికి అందేలా పెట్టారు. పూర్వం అతను కుర్రాడిగా పనిచేసేటప్పుడు, కోసిన ముక్కలు వేసుకోవడానికి అలాగే పెట్టేవారు.

శేషగిరి ఆ డబ్బా వైపు కాసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

"మాస్టారూ, చివర్లో పేర్లు వచ్చే చోట మీ పేరు వేస్తాను. చేతులు: గున్నేశ్వరరావు అని. దానితో పాటు డిస్కులో వేరేగా మీ మాటలు కూడా పెడదాం. ఆ రోజు ఎంతెత్తు నించి దూకారో, ఎలా దూకారో మీరే చెప్పండి."

ఇంతకంటే ఏం కావాలి నాకు? గొంతు సవరించుకున్నాను. మూడు తాటిచెట్లు నాలిక చివరికొచ్చి నిలబడ్డాయి. చేయి పైకెత్తాను. నోరు తెరిచాను.

ఆచారి గారు కుర్చీ నా వైపు తిప్పుకుని కూర్చుని, కీబోర్డు మీద వేలు పెట్టారు.

నోరు మూసుకున్నాను.